మంగళవారం క్లాసు

ఎండుమిరపకాయల తొడిమలు తీస్తుంటే మా అత్త షెద్లియా వచ్చి, ఇకమీదట ప్రతి మంగళవారం చిన్నకోడల్ని నువ్వే క్లాసుకి తీసుకెళ్లాలి నజాత్ అంది.

కాన్పుకి క్లాసట. నా తోటికోడలు రిహాబ్‌కి ఏడో నెల. వంగలేదని మా మరిది దాని చెప్పులు కూడా తనే తొడుగుతాడు. నా మొదటి కాన్పులో అరుస్తుంటే, పక్కింటివాళ్లు వింటారని ఇదే అత్త నా నోట్లో తలగుడ్డ కుక్కింది.

ఆరోగ్య కేంద్రం మా వీధి చివరే. చాపల మీద పదిమంది గర్భిణులు. కాన్పుల నర్సు మోనియా నొప్పి వచ్చినప్పుడు ఊపిరి ఎలా వదలాలో, తోడు వచ్చినవాళ్లు నడుం ఎక్కడ నొక్కాలో చూపించింది. మూలుగొస్తే ఆపుకోవద్దంది. రిహాబ్ నడుం మీద నా చేతులు ఆగిపోయాయి. ఈ క్లాసులు ఎప్పటినుంచి చెబుతున్నారని అడిగాను.

"పదిహేనేళ్లయిందమ్మా. నీ కాన్పులప్పుడు నిన్నెవరూ పంపలేదా?"

నా పెద్దవాడికి పదకొండేళ్లు. వాడు కడుపులో ఉన్నప్పుడే, ఇలాంటిదేదో ఉందట అని నా మొగుడు లొత్ఫీతో అన్నాను. మా అమ్మ ఐదుగుర్ని కంది, ఏ బడికెళ్లి నేర్చుకుందని నవ్వాడు. అతనితోపాటు నేనూ నవ్వాను.

ఆ రోజునుంచి రిహాబ్ పొట్ట చూస్తేనే నాకు కడుపు మండేది. అది "అక్కా" అని పిలిచినా గుచ్చుకునేది. చివరి మంగళవారం, ఈవేళ క్లాసు లేదట అని అబద్ధం చెప్పి ఒక్కదాన్నే వెళ్లాను. రిహాబ్‌కి ఒంట్లో బాలేదని అక్కడ ఇంకో అబద్ధం. మోనియా ఖాళీ చాప చూపించింది. ఉత్త పొట్టతో పక్కకి తిరిగి పడుకుని, ముక్కాల్సిన సమయం ఎలా తెలుస్తుందో, ఎప్పుడు ఆగాలో అంతా నేర్చుకున్నాను. నా ముగ్గురు పిల్లల్నీ ఆ చాప మీద మళ్లీ కన్నట్టు ఏడ్చాను.

పది రోజులకి రిహాబ్‌కి నొప్పులొచ్చాయి. ఆసుపత్రిలో ఒక్కరినే లోపలికి రానిస్తామన్నారు. అత్త లేవబోయింది. రిహాబ్ నా చెయ్యి పట్టుకుంది.

లోపల నొప్పికీ నొప్పికీ మధ్య రిహాబ్ అంది.

"ముక్కడం గురించి మనకు చెప్పనే లేదక్కా. ఆ రోజు క్లాసు జరిగుంటే బావుండేది."

అసూయ అప్పటికీ పోలేదు. దాని నడుం కింద చెయ్యి పెట్టి, ముఖంలోకి చూశాను.

"జరిగింది రిహాబ్. నీకు చెప్పకుండా నేనెళ్లాను. తర్వాత తిడుదువుగాని, ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. ముందు గట్టిగా అరువు."