స్టోర్ గదిలో పాత డబ్బా

“మూడింటికి పై మేడలో నీకేటి పని ప్రసన్నా?” అన్నారు మా ఆయన, నేను బియ్యం కడుగుతుంటే.

పనేమిటో ఎన్నిసార్లు చెప్పానో! రాయగడలో మా ఆఫీసుకి 2009 జూన్‌లో, తీగ లేకుండా లాప్‌టాప్‌లకి నెట్ ఇచ్చే పాత వైర్‌లెస్ డబ్బాలు తీసి కొత్తవి పెట్టించారు. అప్పట్నించి లాప్‌టాప్ పట్టుకుని ఒక గదిలోంచి ఇంకో గదికి వెళ్తే నెట్ తెగిపోతోంది. నెట్‌వర్క్ చూసేది నేను, తిట్లూ నాకే. ఎక్కడ తెగుతోందో తెలియాలంటే లాప్‌టాప్ తెరిచి పట్టుకుని కింద డిస్పాచ్ నించి పై మేడ అకౌంట్స్ దాకా నడవాలి. నడిచాను. ‘ఆఫీసంతా షికార్లు తిరుగుతోంది’ అన్న మాట నాకన్నా ముందే ఇల్లు చేరింది.

“మన గున్నయ్య ఉన్నాడు గదా, ఫర్వానేదు. ఎల్లమ్మీ” అని మా అత్త నన్ను ఉద్యోగానికి పంపింది. గున్నయ్య మా ఆయన పిన్ని కొడుకు, డిస్పాచ్‌లో గుమాస్తా. “టీ తాగేవా వదినా?” అంటాడు నవ్వుతూ. ఇంట్లో మాత్రం టీవీ మీద నా పేర టైపు చేయించిన రాజీనామా కాగితం పది రోజులుగా ఉంది. “ఇంకోపాలి మాటొచ్చిందా, సంతకం ఎట్టేయాల” అన్నారు ఆయన. నాకు ఈ ఉద్యోగం కావాలి. అందుకే ఎవరితో నవ్వానో, పైట ఎలా ఉందో నన్ను నేనే తనిఖీ చేసుకోవడం మొదలైంది.

తప్పు ఇవాళ దొరికింది. స్టోర్ గది అటక మీద పాత డబ్బా ఒకటి తీయడం మరిచిపోయారు. నెట్ తీగ పీకారు గానీ కరెంటు పీకలేదు. దానికీ కొత్తవాటికీ నెట్‌వర్క్ పేరొకటే. అటుగా వెళ్ళిన లాప్‌టాప్ దాన్ని పట్టుకుని వదలదు, దాన్లో నెట్ ఉండదు. రుజువు కోసం కొత్త డబ్బాల రికార్డు తీశాను. ఏ లాప్‌టాప్ ఎప్పుడు ఏ డబ్బా కింద ఉందో అందులో ఉంటుంది. నాది స్టోర్ దగ్గర మాయమై పై మేడలో తేలింది. రెండు నిమిషాల తేడాతో ఇంకొకటీ అక్కడే మాయమై అక్కడే తేలింది. నిన్నా అంతే, మొన్నా అంతే. అది గున్నయ్యది. అతనికి పై మేడలో ఏ పనీ లేదు. అయినా లాప్‌టాప్ పట్టుకుని అతను తిరిగితే పని, నేను తిరిగితే షికారు. ఒళ్ళు మండిపోయింది.

“అడుగుతుంటే పలకవేటి?” అన్నారు ఆయన మళ్ళీ.

“గున్నయ్య చెప్పలేదా? రోజూ నా వెనకే ఉన్నాడుగా.”

ఆయన “నేనే సూస్తుండమన్నాను. నీ మంచికే” అన్నారు.

అంటే నేనెక్కడున్నానో తెలిసే రోజూ అడిగారు. నేనేమో దొంగలా ప్రతి గదికీ సంజాయిషీ చెప్పుకున్నాను. చేతులు తుడుచుకుని రాజీనామా కాగితం తీశాను. సంతకం చేస్తాననుకుని ఆయన పెన్ను అందించారు. కాగితం తిప్పి, తెల్లగా ఉన్న వైపు మేనేజర్‌కి రిపోర్టు రాయడం మొదలుపెట్టాను.

“రేపెక్కడుంటావు మరి?” అన్నారు.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం ఆ సాయంత్రంతో మానేశాను.