ఫ్యాను మెడకు కట్టిన మౌస్

నేను ఒక మౌస్‌ని. కంప్యూటరు పక్కన పడి ఉండే, తోకలాంటి వైరున్న నల్లటి మౌస్‌ని. ఏదో ఫ్యాక్టరీలో నన్ను అచ్చుపోసి, కడుపులో ఒక ఎర్రదీపం పెట్టి, అట్టపెట్టెలో పడుకోబెట్టారు. చదువులు నాకు రావు గానీ, నా మీద చెయ్యి వేసినవాళ్లను ఒక్కరిని కూడా మరిచిపోలేదు.

మొదట విశాఖపట్నంలో ఆసుపత్రి బిల్లులు సరిచూసే ఒక ఆఫీసులో ఉండేదాన్ని. అక్కడ కూర్మారావు జంతికలు తింటూ ఆ నూనె వేళ్లతోనే నన్ను నొక్కేవాడు. ఆయన ఉద్యోగం మానేశాక, ఆఫీసు అద్దె బరువైందని అందరినీ ఇళ్ల నుంచే పని చెయ్యమన్నారు. నన్ను కంప్యూటరుతో పాటు సంచిలో పెట్టి బొబ్బిలి పంపారు, హైమావతి చేతికి.

హైమ చెయ్యి మెత్తన, నాయనా. అద్దె గదిలో ఒక్కతే ఉండేది. చిన్నప్పటి నుంచీ షుగరు. పొద్దున్నే పొట్టకు ఇంజెక్షను పొడుచుకుంటే కాసేపట్లో ఏదో ఒకటి తిని తీరాలి, లేదంటే కళ్లు తిరిగి పడిపోతుంది. ఈ సంగతి ఆఫీసులో చెప్పలేదు. చెబితే పనిలోంచి తీసేస్తారని భయం.

ఆ ఆఫీసువాళ్ల మీద పెద్ద త్రినాథ్. చెడ్డవాడేం కాదు. కానీ కళ్లెదుట లేని మనుషుల చేత పని చేయించడం అతనికి ఎవరూ నేర్పలేదు. ఆఫీసులో తల ఎత్తితే అందరూ కనబడేవారు. ఇప్పుడు పేర్లే కనబడతాయి, పేరు పక్కన ఒక చుక్క. మౌస్ కదులుతుంటే చుక్క పచ్చగా ఉంటుంది. కాసేపు కదలకపోతే పసుపైపోతుంది. పసుపైతే వెంటనే ఫోను: "ఎక్కడికెళ్లారమ్మా?"

మనిషిని భయపెడితే ఎక్కడ లేని తెలివీ పుట్టుకొస్తుంది. హైమ నన్ను టేబుల్ ఫ్యాను మెడకు దారంతో కట్టింది. అది తల తిప్పినప్పుడల్లా నేను బల్ల మీద అటూ ఇటూ జరుగుతాను. ఆ సందులో పిల్ల కుళాయి నీళ్లు పట్టుకునేది, కూర పొయ్యి మీద వేసేది. ఏ రోజు బిల్లులు ఆ రోజే ముగించేది, దాన్లో వంక పెట్టడానికి లేదు.

పొద్దెక్కాక ఆడపిల్లలంతా ఆఫీసు గ్రూపులో "ఏటి కూర?" అని ఒకరినొకరు అడిగేవారు. ఇది వంటల గ్రూపు కాదని త్రినాథ్ కసురుకున్నాడు. వాళ్లు వేరే గ్రూపు పెట్టుకున్నారు.

రోజూ పొద్దున్న ఎనిమిదింటికి మీటింగు. మామూలుగా తొందరగానే అయిపోయేది. ఒకనాడు త్రినాథ్, ఇంటి నుంచి శ్రద్ధగా పని చెయ్యడం ఎలాగో గంటకు పైగా చెప్పాడు. హైమ అప్పటికే ఇంజెక్షను చేసుకుంది. నుదురంతా చెమటలు. లేచి వెళతానని చెప్పలేకపోయింది. మీటింగు ముగియగానే నన్ను ఫ్యానుకు కట్టి, వంటగది వైపు నడిచి, గడప దగ్గర కూలిపోయింది.

ఫ్యాను తల తిప్పింది. నేను కదిలాను. చుక్క పచ్చగా వెలుగుతోంది.

తర్వాతిది వాళ్లు చెప్పుకోగా విన్నాను. పలాసలో ఉండే కళావతి, వాళ్లతో పనిచేసే పిల్లే, త్రినాథ్‌కు ఫోను చేసింది.

"సార్, హైమ ఏటి కూరో చెప్పనేదండి."

"అది కూడా నాకు చెప్పాలా తల్లీ?"

"వండకపోతే వండనేదనైనా చెప్తాది సార్. ఫోనూ ఎత్తట్లేదు."

"పనిలో ఉందమ్మా. చుక్క పచ్చగానే ఉంది."

 కళావతి అడిగిందట, "నా చుక్క ఏ రంగులో ఉందండి?"

"పచ్చగానే ఉంది."

"నేను మా వీధి చివర కిరాణా కొట్లో ఉన్నాను సార్. నా ఉద్యోగం సంగతి తర్వాత చూడండి. ముందు హైమ అడ్రసు తియ్యండి."

త్రినాథ్ అడ్రసు వెతికి 108కి ఫోను చేశాడు. వాళ్లొచ్చి, ఇంటావిడ చేత తలుపు తీయించి, గ్లూకోజు ఎక్కించారు. ఆసుపత్రిలో మధ్యాహ్నానికి హైమ కళ్లు తెరిచింది. ఇంకొంచెం ఆలస్యమైతే తెరిచేది కాదన్నారు.

ఆ వారంలోనే త్రినాథ్ బస్సెక్కి బొబ్బిలి వచ్చాడు. స్వీట్ల పెట్టె తెచ్చాడు, గుమ్మంలో ఆమె షుగరు సంగతి గుర్తొచ్చి మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. లోపలికొచ్చి ఫ్యాను మెడకు ఇంకా కట్టే ఉన్న నన్ను చూశాడు.

హైమ తల వంచుకుంది. "ఉద్యోగం పోద్దా సార్?"

అతను నా ముడి విప్పాడు. తర్వాత అడిగాడు, "పొద్దున్న నువ్వు తినాల్సింది ఎన్నింటికమ్మా?"

"ఎనిమిదికండి."

"మరి రోజూ ఎనిమిదికి..."

"మీటింగండి."



ఉద్యోగం పోలేదు, హైమదీ, కళావతిదీ. మీటింగు టిఫిన్ల తర్వాతకు జరిగింది. చుక్కలు చూడటం మానేసి, సాయంత్రానికి పని అయిందా లేదా అన్నదే అడుగుతున్నాడట. ఒంట్లో ఎలా ఉందని అడిగి, వాళ్లు చెప్పేదాకా ఆగుతాడట.

హైమకు వేరే మౌస్ ఇచ్చి నన్ను తనతో తీసుకొచ్చాడు. ఇప్పుడు అతని సొరుగులో ఉంటున్నాను. కడుపులో దీపం ఏనాడో ఆరిపోయింది. ఆఫీసులో కొత్తగా పెద్దలైనవాళ్లు వచ్చి, ఎదురుగా లేని మనిషి పని చేస్తున్నాడని ఎలా తెలుస్తుంది సార్ అని అడుగుతుంటారు. అతను సొరుగు లాగి, నన్ను బల్ల మీద పెట్టి, ఆ పొద్దుటి సంగతి మొదలుపెడతాడు.

ఆ పొద్దున నేను చాలా బాగా పని చేశాను, నాయనా. కాసేపైనా ఆగలేదు.