టచ్ అండ్ గో

లాండ్రీలో ఆవిరి పైపు పేలి, బాయిలర్ మనిషి మెడ నుంచి నడుము దాకా ఉడికిపోయాడు. కాలిపోయాడని రాస్తే చదవడానికి సుఖంగా ఉంటుంది. కానీ కాలలేదు, ఉడికాడు. వాల్వు పట్టేసిందని ముందే రెండుసార్లు చెప్పాడు. చూద్దాంలే అన్నారు. చూశారు.

అతని భార్య అదే లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేస్తుంది. ఆసుపత్రి దుప్పట్లన్నీ ఆమె చేతుల మీదుగానే మడత పడతాయి. ఆ పొద్దున మొగుణ్ణి ఎత్తుకెళ్ళింది ఆమె ఇస్త్రీ చేసిన దుప్పట్లోనే. వెనకాలే ఆమె, ఆమె వెనకాలే మరిది పరిగెత్తారు.

మరిది లారీలకి మూటలెక్కిస్తాడు. అందరూ అతన్ని డిక్షనరీ అంటారు. ఇంగ్లీషు మాట చెవిన పడితే చాలు, ముక్కలు చేసి, ముక్కకో అర్థం చెప్పి, మళ్ళీ అతికించి చేతికిస్తాడు. ఓసారి సూపర్‌వైజరు నవ్వుతూ "ఆర్ యూ పుల్లింగ్ మై లెగ్?" అన్నాడు. డిక్షనరీ రెండు చేతులూ పైకెత్తి, "మీ కాలు నేను ముట్టుకోలేదు సార్, కావాలంటే వీళ్ళని అడగండి" అన్నాడు. లాండ్రీ అంతా పడీ పడీ నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది అన్నే. "ఒరే, నీ ఇంగ్లీషు వినుంటే దొరలు ఎప్పుడో ఓడెక్కి పారిపోయేవాళ్ళురా!"

ఐసీయూ తలుపు దగ్గర డాక్టరు ముందు లాండ్రీ మేనేజరుతో మాట్లాడాడు. చాలాసేపు, ఇంగ్లీషులో. బాయిలర్ మనిషి పెళ్ళాం పక్కనే నిలబడి ఇద్దరి నోళ్ళూ చూసింది. చివర్న డాక్టరు ఆమె వైపు తిరిగి, "ఇట్స్ టచ్ అండ్ గో" అన్నాడు. నాలుగడుగులు వేశాడో లేదో ఫోను మోగింది. "నాకు ఆలస్యమవుతుంది, మీరు తినేయండి" అన్నాడు. చక్కటి తెలుగు. అవతలి వాళ్ళకి అర్థం కావాలనుకున్నప్పుడు ఆయనకి తెలుగు బాగానే వచ్చు.

"ఏమన్నాడయ్యా?"

"టచ్ అంటే ముట్టుకోవడం. గో అంటే వెళ్ళడం. ముట్టుకుని వెళ్ళిపోవాలంట వదినా."

"పక్కన ఉండనివ్వరా?"

"ఉండమంటే స్టే అనేవాడు కదా. గో అన్నాడు. రూలు."

"మనిషి ఎలా ఉన్నాడో చెప్పలేదేం మరి?"

డిక్షనరీ రెండు ముక్కలూ మళ్ళీ అతికించి చూశాడు. మొహం వెలిగింది. "ప్రాణం మీదికొస్తే పొమ్మంటారా వదినా? అన్నయ్యకి గండం గడిచిందన్నమాట!"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. మేనేజరు పక్కనే ఉన్నాడు. విన్నాడో లేదో తెలియదు. ఫోన్లో ఇంకో బాయిలర్ మనిషిని వెతుకుతున్నాడు.

లోపలికి ఆమె ఒక్కతే వెళ్ళింది. నర్సు ఇంకో మంచం దగ్గర అటు తిరిగి ఉంది. మొగుడి మొహం ఉబ్బిపోయి కళ్ళు కనపడలేదు. గొట్టాలు పీక్కోకుండా రెండు చేతులూ బ్యాండేజీ గుడ్డతో మంచం కడ్డీలకి కట్టేశారు. చర్మం మిగిలింది వేళ్ళకే. ఆమె చూపుడు వేలు అక్కడ ఆనించింది. అతను పట్టుకున్నాడు.

ముట్టుకోవడం అయిపోయింది. ఇక వెళ్ళాలి. లాగితే వేలు రాలేదు. "ఇదిగో, వదులు. తిడతారు. సాయంత్రం మళ్ళీ వస్తాగా" అంది. అతను వదల్లేదు. రెండో చేత్తో అతని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. రూలు తప్పితే మళ్ళీ రానివ్వరేమోనని భయం. "వెళ్ళొస్తా" అని బయటికొచ్చేసింది.

మరిదీ తనూ ఇంటికెళ్ళారు. ఆమె మొగుడి మంచి చొక్కా ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసింది. ఒళ్ళు మంట పుడుతుంది కదాని మెడపట్టీ దగ్గర కుట్లు విప్పి వదులు చేసింది. డిక్షనరీ వాకిట్లో కూర్చుని ఇరుగూ పొరుగూ వాళ్ళకి గండం గడిచిందని చెప్పాడు.

సాయంత్రం చొక్కా పట్టుకుని వెళ్ళేసరికి మంచం ఖాళీ. దుప్పటి చుట్టి కింద పడేసి ఉంది.

డాక్టరు విసుక్కున్నాడు. ఈసారి తెలుగులోనే. "ఎక్కడికెళ్ళారమ్మా? చివర్లో ఆయన వేళ్ళు ఊరికే వెతుక్కుంటున్నాయి, ఎవరో ఒకరు పట్టుకుంటారని మీకోసం ఆసుపత్రంతా చూశాం. టచ్ అండ్ గో అని చెప్పాను కదా! చెప్పాక కూడా ఎవరైనా వెళ్తారా?"

"మీరు చెప్పినట్టే చేశానండీ," అంది ఆమె. "ముట్టుకున్నాను. వెళ్ళాను."

డాక్టరు మరిదిని చూశాడు. మరిది గోడని చూస్తున్నాడు.

"అది కాదమ్మా... టచ్ అండ్ గో అంటే... గాల్లో దీపం లాంటిది అని."

"గాల్లో దీపమా?"

"ఉంటాడో పోతాడో తెలియదని."

"గాల్లో దీపం అంటే నాకు తెలుసు కదండీ."

డాక్టరు దేనికోసమో జేబులు తడుముకుంటూ వెళ్ళిపోయాడు. గాల్లో దీపం. రెండే తెలుగు మాటలు. నోటికి బరువా, నాలుకకి మచ్చా? ఆ రెండు మాటలు దొరక్క ఒక మనిషి ఒంటరిగా పోయాడు.

మేనేజరు మళ్ళీ వచ్చాడు. ఆమె ఒకటే అడిగింది. లాండ్రీ ఒక్క గంట ఆపితే అందరూ వచ్చి కడసారి చూసుకుంటారని. బాయిలర్ అప్పటికే ఇంకో మనిషితో నడుస్తోంది. మేనేజరు తల అడ్డంగా ఊపాడు. "సారీ. మై హ్యాండ్స్ ఆర్ టైడ్."

అలవాటుకొద్దీ ఆమె మరిదిని చూసింది. "ఏమంటున్నాడు?"

డిక్షనరీ మొహం పక్కకి తిప్పుకున్నాడు. "నన్నడక్కు వదినా."

"చెప్పయ్యా."

"చేతులు... కట్టేసి ఉన్నాయంట."

ఆమె మేనేజరు చేతుల వంక చూసింది. ఒక దాంట్లో కారు తాళాలు, ఒక దాంట్లో ఫోను.

"కట్టేసిన చేతులు నేను పొద్దున చూశాను" అంది. "అయినా అవి నా వేలు పట్టుకున్నాయి."

శవాల గది ముందు నేలమీద కూర్చుంది. ఒళ్ళో ఇస్త్రీ చొక్కా. కాసేపటికి కాపలావాడు వచ్చి, "ఇక్కడ కూర్చోకూడదమ్మా, వెళ్ళు" అన్నాడు.

తెలుగులోనే చెప్పాడు. అర్థమైంది. కదల్లేదు.