గంజి పెట్టిన కోక

ఆషాఢమాస మధ్యాహ్నము. నల్లని మేఘమాలికలు గోదావరీతీరము నావరించి సూర్యబింబమును దాచివేయగా సాలెవీధిలో పడుగులు సాచువారు లేక మగ్గపు గుంటలలో చెమ్మ యూరుచు ఇంటింట తడినూలు వాసనయు గంజివాసనయు పెనవేసికొని నిలిచియుండెను. అట్టి వేళ నాంచారమ్మ తన వసారాలో కూర్చుండి దూలమునకు వ్రేలాడుచున్న కోకయుయ్యాలను ద్వేషకలుషితములగు నేత్రములతో చూచుచుండెను.

ఆ కోక యామెది కాదు. దిక్కెవ్వరును లేని పొరుగింటి సీతారత్నము ఉదరవ్రణపీడితయై ఏటికావలి ఆసుపత్రికి పోవునపుడు తన రెండేండ్ల కూతురు బుల్లెమ్మను, తాను కట్టి విడిచిన యెర్రంచు కోకను నాంచారమ్మకు అప్పగించి "నేను తిరిగొచ్చేదాకా ఇది నీ బిడ్డే అక్కా. ఈ కోకతోనే ఉయ్యాల కట్టు. నా వాసన లేకపోతే పడుకోదు" అని చెప్పి పడవ యెక్కెను. సంతానభాగ్య మెరుగని నాంచారమ్మ "తిరిగొచ్చేదాకా" యను మాటను గాలికి విడిచి "నీ బిడ్డే" యను మాటను మాత్రము కొంగున ముడివేసికొనెను.

నాటినుండి బుల్లెమ్మకు తలంటి నీళ్లు పోయుటయు పెరుగన్నము కలిపి తినిపించుటయు పిలకజడ యల్లుటయు నాంచారమ్మయే. కాని కునుకు వచ్చినంతనే ఆ పసిది ఆమె చేతులు విదల్చుకొని పోయి ఎర్రంచును నోట కరచుకొని కన్నులు మూయుచుండెను. ఇంత చాకిరి చేసిన తనకు బిడ్డ మెలకువయు ఏమియు చేయని గుడ్డపేలికకు బిడ్డ నిద్రయు దక్కుచుండుట నాంచారమ్మకు కంటిలో నలుసయ్యెను.

"గుడ్డమీద కూడా కుళ్లుకుంటారటే ఎవరైనా" అని మగ్గపు గుంటనుండి మగడు వీరన్న నవ్వెను.

"నీ పని నువ్వు చూసుకో మావా. నేత వంకరపోతోంది" అని యామె కసరెను.

మరునాడే ఆమె ఆ కోకను బానలో వేసి మురికి విడుచు చవుడుమన్నుతో ఉడికించి బండపై బాది కులపు అలవాటు చొప్పున చిక్కని గంజి పెట్టి పొయ్యి సెగపై ఆరవేసెను. బుల్లెమ్మ ఆ యంచును నోట పెట్టుకొని ఉమిసి గుక్కతిరుగక యేడ్చెను. కొన్నాళ్లట్లు ఏడ్చి డస్సిన పిమ్మట నాంచారమ్మ తన మాసిన కోకను దూలమునకు కట్టగా బిడ్డ దానిని కరచుకొని నిద్రించెను. ఆనాడు వీధిలో నాంచారమ్మ నడక మారెను.

శ్రావణమున సీతారత్నము చిక్కి సగమై తిరిగివచ్చి చేతులు చాచెను. బుల్లెమ్మ పోయి నాంచారమ్మ కుచ్చెళ్లలో మొగము దాచుకొనెను. నాంచారమ్మ హృదయము క్షణకాలము విజయోన్మత్తమయ్యెను.

"నా కోకేదక్కా?"

నాంచారమ్మ పెట్టెనుండి తెచ్చి యిచ్చిన మడతను సీతారత్నము ముఖమునకు ఒత్తుకొని వాసన చూచెను.

"గంజి బాగా పెట్టావక్కా" అని మాత్రము పలికి గడపపై చతికిలబడెను.

తిట్టిపోసినచో నాలుగింతలు బదులిచ్చుటకు నాంచారమ్మ సిద్ధపడియుండెను. కాని ఆ యొక్క మాట విని ఆమె మెల్లగా పోయి దూలమునుండి తన కోకను విప్పి బుల్లెమ్మను అందులో చుట్టి తల్లి యొడిలో పెట్టెను.

"దీంట్లో పడుకుంటుంది. పట్టుకుపో" అనెను. పిమ్మట ఉండబట్టలేక "ఉతక్కు రత్నం" అనెను.

"నేనెందుకు ఉతుకుతానక్కా? నా ఇంట్లో నాలుగు రోజులుంటే అదే నా వాసనవుతుంది" అని సీతారత్నము బిడ్డను భుజమున వేసికొని పోయెను. ఎర్రంచు కోక గడపపైననే యుండెను.

ఉయ్యాల లేని దూలము క్రింద కూర్చుండి నాంచారమ్మ ఆ కోకను ముఖమునకు చేర్చుకొనెను. పగపట్టుటకు సీతారత్నపు వాసన అందులో లేదు. తలచుకొనుటకు బుల్లెమ్మ చొంగవాసనయు లేదు. ఆ రెంటిని ఆమె ఒక్క బానలోనే ఉడికించియుండెను.