బదులు రాకూడని పాట

నిడమనూరు పక్కన మా పల్లెలో కొత్తగా పెళ్లయిన జంట చేత మోటబావి దగ్గర పాట పాడించేవారు. మడిలోంచి పెళ్లాం అడగాలి:

"ఏరు దాటి పోతవ మావా, నన్నెవ్వలకు ఇడిసి?"

మోట తోలుతూ మొగుడు బదులివ్వాలి:

"ఏరు ఎండినా ఇడువనే పిల్లా, ఊపిరున్నదాక."

ఆ తర్వాత ఆమె ఎప్పుడడిగినా అతను పలకాల్సిందే. పలకకపోతే విడిచినట్టే. కులపెద్దలు పుస్తె తీయించేవారు. నా మొగుడు సత్తయ్య ఏడేళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

పందొమ్మిది వందల నలభై తొమ్మిదిలో, నిజామును దించడానికి మిలిటరీ వచ్చిన మరుసటి ఏడు, దొరల మీద తిరగబడ్డ సంఘంలో ఉన్నాడని జవాన్లు అతని కోసం వెతుకుతున్నారు. ఆ పొద్దున అతను బావి పక్క జొన్నచేలోనే దాగి ఉన్నాడు. అంబలి ఇచ్చి నేనిటు మడిలో దిగానో లేదో, పటేలు నలుగురు జవాన్లను వెంటబెట్టుకొచ్చాడు.

"ఏమే బుచ్చమ్మా, మీ పాట పాడు, ఇందాం."

"మొగడు లేనప్పుడు పాటలేంది పటేలా? నలుగురు నవ్వరా?"

"లేనోనికి భయమెందుకే?"

తెలివిగా తప్పించుకుందామని, బదులక్కర్లేని సత్తయ్య చరణం ఎత్తుకున్నాను. పటేలు నవ్వాడు.

"గది వానిది. నాకే నేర్పుతవా? నీది పాడు."

పలకకు, పలకకు అని లోపల మొక్కుకుంటూ పాడాను. జొన్నాకు కదల్లేదు. మూడుసార్లు పాడించారు.

"ఇడిసిండే నిన్ను!" అన్నాడు పటేలు.

అతను నిజంగానే నన్ను విడిచిపోయాడని నమ్మితే వాళ్లు వెళ్లిపోతారనిపించింది.

"ఇడిస్తే ఇడిసిండు. గా ముదనష్టపోడు నాకెందుకు?" అని పుస్తెలతాడు తీసి గట్టు మీద పెట్టాను. జవాన్లు వెనక్కి తిరిగారు కూడా.

అప్పుడు చేలోంచి గొంతు లేచింది. చరణం పూర్తి కాకముందే పట్టుకున్నారు.

"ఉత్తగనే తీసిన! ఉత్తగనే!" అని అరిచాను. పెడరెక్కలు విరిచి కడుతుంటే అతను నా బోసి మెడ వైపే చూశాడు.

తాడు మళ్లీ నేనే కట్టుకుని అతన్ని వెతుక్కుంటూ బయల్దేరాను. మిర్యాలగూడలో అడిగితే సూర్యాపేట క్యాంపన్నారు. అక్కడ కోదాడ పంపామన్నారు. కోదాడలో బల్ల దగ్గరి గుమాస్తా కాగితాలు తిప్పాడు.

"ఆ పేరుతో ఇక్కడికెవరూ రాలేదమ్మా. నువ్వతనికేమవుతావు?"

"పెండ్లాన్ని."

అతను నా మెడలో తాడు వైపు ఒకసారి చూసి కాగితాలు మూసేశాడు.

"ఇంటికి పోమ్మా," అన్నాడు.