పరుపు కింది గొట్టం

ఆదివారం పొద్దున్నే మనవరాలిని ఎక్కించుకుని దూరాన డబ్బో ఊళ్ళోని జూకి బయలుదేరాలి. శుక్రవారం వచ్చినా బండిలో పెట్రోల్ కంపు పోలేదు. పోయిందని మా ఆయన, పోలేదని నేను. టూంగాబీలో మా ఇంటి ముందు, రోడ్డు మీంచి గరాజ్ దాకా ఏటవాలుగా ఎక్కే సిమెంటు మీద బండి నిలబడి ఉంది. వారం రోజులుగా దాని చుట్టూ ఇదే వాదన.

బండి అంటే మామూలు బండి కాదు, చక్రాల మీద ఇల్లు. వెనక మంచం, మధ్యలో గ్యాస్ పొయ్యి, సింకు, ముందు స్టీరింగు. మా అమ్మాయి గీతిక కంటే వయసులో పెద్దది. మా ఆయన శేషగిరి గారు ఉద్యోగమంతా నీళ్ళ పైపుల మధ్య గడిపిన ఇంజనీరు. రిటైరైనా ఆ చేతులు ఊరుకోవు కదా. ఈ ముసలి బండిని కొనుక్కొచ్చి, పొద్దస్తమానం దాని కింద దూరడమే పనిగా పెట్టుకున్నారు. వర్క్‌షాపులో చూపిద్దామంటే, "జన్మంతా పైపులు చూసినవాణ్ణి, ఇంకోడికి చూపించాలిటే?" అంటారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

నా దిగులల్లా మనవరాలు తన్మయి గురించే. ఆ వెనక మంచం మీద పడుకునేది అదే. ఏడేళ్ళ పిల్ల రాత్రంతా పెట్రోల్ ఆవిరి పీలుస్తూ పడుకోవడమేమిటి? పైగా రెండడుగుల దూరంలో పొయ్యి. గీతిక కూడా ఫోన్లో తేల్చి చెప్పేసింది.

"అమ్మా, డాడీ మాట నేను నమ్మను, హీ ఈజ్ టూ ఎగ్జయిటెడ్. నువ్వు ఓకే అంటేనే దాన్ని పంపిస్తా."

అలా భారమంతా తెచ్చి నా నెత్తిన పెట్టింది. అటు తన్మయేమో జిరాఫీలు నిలబడే నిద్రపోతాయా అని రోజూ ఫోను.

ఆయన చెయ్యని పని లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. పెట్రోల్ పోసే చోటి నుంచి ట్యాంకులోకి దిగే లావు గొట్టం పగుళ్ళిచ్చిందని మార్చారు. మూత రబ్బరు మార్చారు. ట్యాంకు నెత్తిమీద బిగించిన మీటరు కింద సీలు మార్చారు. ఒక్కొక్కటి అయ్యాక బండి కింద నుంచి బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ ఒకటే మాట.

"అయిపోయిందే. స్మెల్ టోటల్‌గా పోయింది."

నేను తలుపు తీసి కాలు లోపల పెడితే గుప్పున కొట్టేది.

"పోయిందంటారేమిటండీ? ఇక్కడ కళ్ళు మండిపోతుంటే."

"నీకు ముందు అనుమానం పుడుతుంది, తర్వాత వాసన పుడుతుంది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఇంకా చిరాకేమిటంటే, కొన్ని రోజులు నిజంగానే వాసన ఉండేది కాదు. అప్పుడు ఆయన, "చూశావా" అన్నట్టు ఒక చూపు చూసేవారు. నేను కాలుగాలిన పిల్లిలా ఇంట్లోంచి బండిలోకి, బండిలోంచి ఇంట్లోకి తిరుగుతూనే ఉన్నాను. ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు, ఎక్కడా కూర్చోబుద్ధి కాలేదు.

శుక్రవారం పొద్దున పాలు కాస్తుంటే తట్టింది. గిన్నె నిండా పోస్తేనే కదా పాలు పొంగిపోయేది. ఈయన రిపేరు పేరు చెప్పి ట్యాంకు మామూలుగా సగమే ఉంచుతున్నారు. వాసన కొట్టిన రోజులన్నీ, బంకుకి వెళ్ళి నింపుకొచ్చి, ఈ వాలు మీద ఎండలో పెట్టిన రోజులే.

"ట్యాంకు ఫుల్ చేయించుకు రండి, చెప్తాను" అన్నాను. ఏదో గొణిగారు కానీ వెళ్ళారు.

మధ్యాహ్నం ఎండ బాగా ముదిరాక బండెక్కాను. ముందు సీట్ల దగ్గర పెద్దగా లేదు. పొయ్యి దగ్గర కొంచెం. వెనక్కి వెళ్తున్న కొద్దీ ఎక్కువైంది. మంచం దగ్గర వంగేసరికి తల తిరిగింది. పరుపు ఎత్తి, కింద చెక్క తీశాం. సామాన్లు పెట్టుకునే గూట్లో, మూలగా, నేలలోంచి వేలెడు లావు రబ్బరు గొట్టం పైకి పొడుచుకొచ్చి ఉంది. దాని నోట్లో ఎవరో ఎప్పుడో కుక్కిన గుడ్డ పీలికలైపోయింది. సరిగ్గా తన్మయి దిండు వచ్చే చోటు.

నేను ముక్కు మూసుకుని వెనక్కి జరిగాను. ఆయన టార్చి పట్టుకుని గూట్లోకి తల దూర్చారు. గొట్టానికి జానెడు దూరంలో మొహం పెట్టి, తీరిగ్గా చూసి, "పాత గొట్టమే. ఇక్కడేం స్మెల్ లేదు" అన్నారు.

అంత కంపులో ఆ మనిషి మొహంలో చిన్న చిట్లింపు లేదు. అప్పుడు వెలిగింది నాకు.

"ఏమండీ, ఒకసారి కళ్ళు మూసుకోండి" అని, గొట్టంలోంచి లాగిన ఆ పీలిక ఆయన ముక్కు కింద పెట్టాను. "ఏమిటిది?"

కాసేపు పీల్చారు. "సబ్బు కదూ" అన్నారు.

కళ్ళు తెరిచి పీలిక చూశాక మంచం అంచున కూలబడ్డారు. కిందటేడు జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి ఏ వాసనా తెలియడం లేదట.

"కాఫీ కూడానా?"

"వేడి తెలుస్తుంది."

"మరి రోజూ ఇంగువ పోపు ఘుమఘుమలాడుతోందంటారు?"

"చిటపటలు వినపడతాయిగా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎందుకు చెప్పలేదంటే, "చెప్తే పేషెంటుని చేసేస్తారు. పిల్లని నా దగ్గర ఒక్క పూట కూడా వదలరు. గీతికకి చెప్పకే" అన్నారు. నేను చెప్పననీ అనలేదు, చెప్తాననీ అనలేదు. వాసన తెలియకపోవడం ఆయన తప్పు కాదు. కానీ వాసన తెలియని మనిషి వాసన పోయిందని చెప్పారు. పిల్ల పడుకునే మంచం గురించి చెప్పారు. నాకు ఒళ్ళు మండిపోయింది, జాలీ వేసింది, రెండూ ఒకేసారి.

గొట్టం సంగతి మాత్రం శనివారం మధ్యాహ్నానికి తేల్చేశారు. ఈ బండికి ఒకప్పుడు రెండు ట్యాంకులట. రెండోది ఎవరో పీకేసి, దానికి గాలి ఆడే గొట్టాన్ని మాత్రం అలాగే వదిలేశారు. అది మొదటి ట్యాంకు గాలి గొట్టానికి అతుక్కుని ఉంది. ట్యాంకు నిండి, ఎండకి పెట్రోల్ ఉబ్బినప్పుడల్లా ఆవిరి తిన్నగా మంచం కిందికి. ఆ అతుకు తీసేసి, గాలి గొట్టం కొత్తది ఏకంగా వేసి, క్లాంపులు బిగించి, నేలలో కన్నం పూడ్చేశారు. ట్యాంకు నిండా పోయించి, మళ్ళీ అదే వాలు మీద, అదే ఎండలో పెట్టారు.

సాయంత్రం నేను బండిలో కూర్చున్నాను. గూట్లో తల పెట్టాను, పరుపు మీద బోర్లా పడుకున్నాను, తలుపులు మూసుకుని చూశాను. పాత చెక్క, దుమ్ము. అంతే. ఆయన తలుపు దగ్గర నిలబడి నా మొహమే చూస్తున్నారు.

ఫోన్ మోగింది. స్పీకర్‌లో పెట్టాను.

"అమ్మా, దీని బ్యాగ్ ప్యాక్ అయిపోయింది. ఏమంటావ్? స్మెల్ పోయిందా?"

పోయిందే అనబోయాను. ఈ గొట్టం బాగయింది. దారిలో ఇంకోటి ఊడితే? గ్యాస్ పొయ్యి కారితే? నేను కునుకు తీసే వేళకి ఈయన ఏమీ లేదంటారు, అలవాటు కదా. అలాగని నిజం చెప్తే గీతిక ఇక ఆ పిల్లని ఈయన చేతికివ్వదు. ఈయనకి ఆ పిల్ల తప్ప ఇంకో లోకం లేదు.

"ఇంకా వస్తోందే" అన్నాను. "ఈసారికి వద్దులే."

"బట్ తాతయ్య సెడ్ హీ ఫిక్స్‌డ్ ఇట్" అని వెనకాల తన్మయి గొంతు వినిపించింది. తర్వాత ఏడుపు. గీతిక సరేనని పెట్టేసింది.

ఆయన వాదిస్తారనుకున్నాను. వారమంతా నాతో పోట్లాడిన మనిషి, అనుమానం నీదే అంటారనుకున్నాను. ఏమని వాదిస్తారు? టార్చి తీసుకుని, పట్టా పరిచి, నడుం పట్టుకుంటూ మళ్ళీ బండి కిందికి దూరారు. పానా ఇనుముకి తగిలిన చప్పుడు వినిపించింది.

"ఏ వైపు నుంచి వస్తోందే?" అని కింద నుంచి అడిగారు.

"ఎడమ వైపు" అన్నాను.