గాజు మీది తడి

వీరదుర్గ శుభ్రం గురించి దిండి చుట్టుపక్కల కథలు కథలుగా చెప్పుకుంటారు. రొయ్యల చెరువు గట్టు మీద రేకుల షెడ్డులోకి కూడా ఎవర్నీ చెప్పులతో రానివ్వదు. మేత డబ్బా మీద దుమ్ము కనబడిందా, ఆ పూట ఎవరికో ఒకరికి మూడిందన్నమాటే. అలాంటి మనిషి చేతికి కొత్తగా పీహెచ్ మీటరు వచ్చింది. నీళ్ళలో పులుపు గుణం ఎంతుందో, సున్నపు గుణం ఎంతుందో అంకెల్లో చెప్పే మిషను అది. కర్రలాంటి దాని చివర బఠాణీ గింజంత గాజు బుడ్డి, దానికో మూత, ఆ మూతలో నాలుగు చుక్కల ఉప్పు నీళ్ళు. కొత్త వస్తువులో ఈ మురికేంటని ఆవిడకి ఒళ్ళు మండింది. ఆ నీళ్ళు పారబోసి, పాత చీర ముక్కతో బుడ్డిని తళతళలాడేలా తుడిచి, పొడిగా పెట్టెలో పెట్టింది. వాడిన ప్రతిసారీ అదే సేవ.

ఆ ఆదివారం మధ్యాహ్నం పెద్ద చెరువులో ముంచితే మీటరు ఏడు చూపించింది. రొయ్యకి అది తక్కువ. తక్కువైతే సున్నం చల్లాలి. కిందటి వారం చిన్న చెరువుకీ ఏడే చూపిస్తే సున్నం చల్లించింది, అయినా సగం రొయ్య చచ్చి తేలింది. ఇక ఆశంతా పెద్ద చెరువు మీదే. ఈ పంట నిలబడితే మొగుడు సూర్యప్రకాష్ మస్కట్ పని మానేసి వచ్చేస్తాడు, పోతే మళ్ళీ కాంట్రాక్టు రాసుకుంటాడు. అందుకే చెరువు చూసుకునే అబ్బులు వెంటనే కూలీల్ని పిలిచి సున్నం బస్తాలు గట్టుకి చేర్పించాడు.

"చల్లేద్దామమ్మా. ఈసారి తేడా రాకూడదు," అన్నాడు అబ్బులు. వారం నుంచీ ఆయన ముఖం ముఖంలా లేదు.

వీరదుర్గకి ఒక సంగతి మింగుడుపడలేదు. ఎండెక్కితే చెరువు పీహెచ్ పెరగాలి, తెల్లారేసరికి తగ్గాలి. ఈ మీటరేమో పొద్దున ఏడు, సాయంత్రం ఏడు, వాన పడ్డా ఏడే. కదలిక లేనిది చెరువుకా, మిషనుకా? షెడ్డులోకి వెళ్ళి గ్లాసులో నిమ్మకాయ పిండి, ఆ రసంలో మీటరు ముంచింది. ఏడు. సున్నపు తేటలో ముంచింది. అదీ ఏడే! నిమ్మకాయకీ సున్నానికీ తేడా తెలియని మిషనుని నమ్మి ఇన్నాళ్ళూ కాపురం చేశానా అని నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమేసింది.

"ఆగు బాబాయ్. మిషను తప్పు చెబుతోంది."

"మిషను అబద్ధమెందుకు చెప్తాదమ్మా? దానికేం పని?"

మీటరు అమ్మిన రాజోలు ల్యాబు అమ్మాయి సౌజన్యకి ఫోను చేసింది. ల్యాబుకి సెలవు, పిల్ల కాకినాడలో ఉంది. సంగతంతా విని, "గాజు బుడ్డి ఆరబెట్టేరాండీ?" అని అడిగింది.

"ఆయ్, రోజూ తుడిచి శుభ్రంగా పెడుతున్నాను."

"అయ్యో అక్కా! ఆ గాజుకి తడే ప్రాణమండి. మన రాజోలు బస్సు చూడండి, మధ్యలో ఇరుక్కున్నోళ్ళు కాలు కదపలేరు, ఫుట్‌బోర్డు మీదోళ్ళు దిగుతుంటారు, ఎక్కుతుంటారు కదా? గాజులో పరమాణువులూ అంతేనండి. లోపలివి బిగుసుకుపోయి ఉంటాయి. పైపొరలోవి మాత్రం తడి తగిలితే కదులుతాయి. సోడియంవి నీళ్ళలోకి దిగిపోతాయి, నీళ్ళలోని హైడ్రోజన్‌వి వాటి చోట్లో ఎక్కుతాయి. ఆ రాకపోకల్ని బట్టే మీటరు అంకె చెబుతుంది. మీరు రోజూ ఆరబెట్టి ఆ బస్సు ఆపేశారు. పెట్టెలో చిన్న సీసా ఉంటుంది చూడండి, ఆ ద్రావణంలో రేపటిదాకా నాననివ్వండి, మళ్ళీ బతుకుతుంది."

వీరదుర్గ బుడ్డిని వెలుతురుకి పట్టి చూసింది. నున్నగా, రాయిలా ఉంది. ఇది కదులుతుందా? అయితే కిటికీ అద్దం కదులుతుందా, తన చేతి గాజులు, ఇంట్లో పచ్చడి జాడీ? అంట్లు తోమేటప్పుడు ఇన్నేళ్ళూ తన వేళ్ళ కింద ఎన్ని దిగి ఎన్ని ఎక్కాయో! కంటికి కనబడకపోవడమే అన్యాయంగా అనిపించింది. ద్రావణంలో బుడ్డిని ముంచి, మధ్యమధ్యలో వెళ్ళి తొంగిచూసింది, అక్కడ చూడ్డానికి ఏమీ లేకపోయినా.

అబ్బులు మాత్రం బస్తాల దగ్గరే నిలబడ్డాడు. "రేపటికి ఆలస్యమైపోద్దమ్మా," అని బతిమాలాడు. ఆవిడ ఒప్పుకోలేదు. కూలీల్ని పంపించేసింది.

తెల్లవారాక మీటరు నిమ్మరసంలో రెండు చూపించింది, సున్నపు తేటలో పన్నెండు. పెద్ద చెరువులో పెడితే అంకె మెల్లగా కదిలి కదిలి ఎనిమిదిన్నర దాటి ఆగింది. తెల్లారగట్ల తక్కువుండాల్సిన నీళ్ళలోనే అంతుంది! నిన్న సున్నం పడుంటే ఇంకా పైకెక్కి, నీళ్ళలోని అమ్మోనియా విషమై రొయ్యంతా పోయేది.

ఊపిరి పీల్చుకోబోయి ఆగిపోయింది. చిన్న చెరువుకీ ఈ చచ్చిన మీటరే ఏడు చూపించింది. ఆ రొయ్యని చంపింది సున్నమే. చల్లించింది తను, ఆ తర్వాత గట్టు మీద పదిమందిలో నానా మాటలూ అన్నది అబ్బులుని. మాట్లాడకుండా ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఆయన అటువైపే తలొంచుకుని వస్తున్నాడు.

"బాబాయ్, చిన్న చెరువు పోయింది నీవల్ల కాదు. మీటరుని తుడిచి తుడిచి పాడుచేసింది నేను. లెక్క తప్పింది, ఆ సున్నమే రొయ్యని చంపింది. నిన్ను అనరాని మాటలన్నాను."

అబ్బులు గొంతు తగ్గించి, "నేనూ ఓ మాట దాచేనమ్మా. ఆ రోజు నడుం పట్టేసి, నువ్వు చెప్పినంత చల్లలేదు. సగం బస్తాలు షెడ్డు ఎనకాలే ఉంచేసేను. రొయ్య పోయింది అందుకేనని వారం నుంచీ అన్నం సయించట్లేదు," అన్నాడు.

వీరదుర్గ ఆయన చెయ్యి పట్టుకుంది.

"నువ్వు మొత్తం చల్లుంటే ఆ చెరువులో ఒక్క రొయ్య కూడా మిగిలేది కాదు బాబాయ్."